పలక మీద రెండు పేర్లు: జుక్కల్ సరిహద్దులో దళిత క్రైస్తవుల ఇంటి బడి

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకోవటం పట్నాల్లో ఇప్పుడొక ముచ్చట. 'హోమ్ స్కూలింగ్' అని దానికి పేరు. దాన్ని కోరుకునేవాళ్లలో రకరకాల మనుషులున్నారు గాని, క్రైస్తవ కుటుంబాల్లో దానికున్న పలుకుబడి అమెరికా నుంచి దిగుమతి అయింది. అక్కడి సుప్రీంకోర్టు 1972లో యోడర్ కేసులో, ఎనిమిదో తరగతి దాటాక మా పిల్లల్ని బడికి పంపమన్న ఆమిష్ తల్లిదండ్రుల పక్షాన తీర్పిచ్చింది. 1980లలో తెల్లవాళ్ల ఇవాంజెలికల్ కుటుంబాలు పెద్దఎత్తున పిల్లల్ని సర్కారు బడులు మాన్పించి ఇళ్లల్లో చదివించుకున్నాయి. 1993 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ అది చట్టసమ్మతమైంది. బడిలో దేవుడు లేడు, పరిణామ సిద్ధాంతం చెబుతున్నారు, పిల్లలు పాడవుతారు - ఇదీ వాళ్ల భయం. అంటే వాళ్లకు బడి ఉంది. తలుపులు బార్లా తెరిచి పెట్టిన బడిని వాళ్లు కాదనుకున్నారు.

బడి తలుపు మూసి ఉన్నచోట ఇంట్లో చదువు చెప్పుకున్న క్రైస్తవులు కూడా ఉన్నారు గదా, వాళ్ల సంగతేంది? వాళ్లకు 'హోమ్ స్కూలింగ్' అనే మాట తెలియదు. తాము చేసింది చదువు చెప్పటమని కూడా వాళ్లు అనుకోలేదు. పొద్దుగూకినంక ప్రార్థన చేసుకున్నాం అంటారు, అంతే. మిషన్ చరిత్రల్లో గుడి కట్టిన దొర పేరుంటుంది, బడి పెట్టిన దొరసాని పేరుంటుంది. తెలంగాణ చైతన్య చరిత్రల్లో గ్రంథాలయం పెట్టిన వకీలు పేరుంటుంది. మాలగేరిలో, మాదిగగేరిలో ఎక్కబుడ్డి ముందు కూసోని పిల్లలకు అక్షరాలు దిద్దించిన తల్లి పేరు ఎక్కడా లేదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ ఇంటి గురించి, ఆ ఇంటి చదువు మీద రాజ్యం వేసిన శిక్ష గురించి.

జుక్కల్ నుంచి మొదలుపెట్టటానికి కారణముంది. ఇది మూడు భాషల పొలిమేర. అటు పోతే మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా దెగ్లూరు, ఇటు పోతే కర్ణాటకలో బీదర్ జిల్లా ఔరాద్. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు ఇక్కడి బంధుత్వాలు కూడా మూడు రాష్ట్రాల పాలయ్యాయి. నిజామాబాద్ జిల్లాలో ఉన్న జుక్కల్ 2016 అక్టోబర్‌లో కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. మద్నూరు, బిచ్కుంద, పిట్లం, జుక్కల్ - ఏ ఊరి సంతకు పోయినా తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ నాలుగూ చెవిన పడతాయి. మాట మారుతుంది గాని ఊరి అమరిక మారదు. కన్నడంలో కేరి, మా వైపు గేరి, మరాఠీలో మహార్‌వాడా. హోలెయ అన్నా, మాల అన్నా, మహార్ అన్నా మీద పడిన వెట్టి ఒకటే. మాదిగ, మాంగ్, మాదార్ అన్నా తోలు పని ఒకటే, డప్పు ఒకటే.

ఈ ప్రాంతానికి మిషన్లు రెండు దిక్కుల నుంచి వచ్చాయి. బీదర్ వైపు అమెరికన్ మెథడిస్టులు, మెదక్, నిజామాబాద్ వైపు ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్లు. వెస్లియన్ల కథ అందరికీ తెలిసిందే: చార్లెస్ వాకర్ పోస్నెట్, కరువు రోజుల్లో కూలికి గింజలు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ గుడి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కెర్ దంపతులు మొదలుపెట్టిన కుష్ఠురోగుల ఆసుపత్రి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఇదంతా మెదక్ డయాసిస్ కిందికి వచ్చింది. ఈ కథను మేము మళ్లీ చెప్పబోవటం లేదు. మెదక్ గుడి గోపురం ఎత్తు ఎంతో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ గుడికి రాళ్లు మోసిన కూలీ తల్లి రాత్రి ఇంటికొచ్చి పిల్లలకు ఏం చెప్పిందో చెప్పే పుస్తకం లేదు.

ఉన్నంతలో ఒక పుస్తకాన్ని చెప్పుకోవాలి. పి.వై. లూక్, జాన్ కార్మన్ ఇద్దరూ కలిసి మెదక్ డయాసిస్‌లో జంగరాయి చుట్టుపక్కల పల్లెలను చూసి రాసిన 'విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్' 1968లో అచ్చయింది. అందులో పల్లె క్రైస్తవులు పోచమ్మను ఎంతవరకు వదిలారు, ఎంతవరకు వదల్లేదు అనే లెక్క ఎక్కువ. అది చర్చి వాళ్లకు ముఖ్యమైన ప్రశ్న. మాకు ముఖ్యమైంది వేరే ఉంది. చదువు రాని జనానికి క్రైస్తవం పుస్తకం ద్వారా కంటే పాట ద్వారా, భజన ద్వారా చేరిందన్న సంగతి ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. దాన్ని వెనక నుంచి చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది: అదే పాట ద్వారా పుస్తకం కూడా ఆ ఇంటికి చేరింది.

పొద్దుగూకినంక

గేరిలో చిన్నపిల్లలున్న క్రైస్తవ ఇంటి దినం ఎట్లా గడిచేదో చూద్దాం. పొద్దున దానికి తీరిక లేదు. తల్లి చీకటితో లేచి జొన్నరొట్టెలు కొట్టి, సద్ది కట్టుకొని, కైకిలికి పోవాలి. తండ్రి జీతమున్న ఇంటికి పోవాలి. ఏడెనిమిదేండ్ల పిల్లగాడు కూడా పసులు కాయటానికి జీతమున్నవాడే. అప్పు కింద మనిషిని తరాలపాటు కట్టేసే ఈ భగేలా పద్ధతి మీద నిజాం సర్కారు 1936లో ఒక నిబంధన చేసింది. కాయితం మీదికి వచ్చినంత తొందరగా అది ఊర్లకు రాలేదు. కాబట్టి పగలు బడి ఉన్నా, ఆ బడిలో అంటరాని పిల్లల్ని కూసోనిచ్చినా, ఈ పిల్లగాడు పోయేది లేదు. వాడికి మిగిలింది రాత్రే.

రాత్రి తిండికి ముందో తిండి అయినంకనో ఇంటిల్లిపాదీ కూసునేది. ముందు పాట. తర్వాత ఎవరికన్నా అక్షరం వస్తే బైబిల్లోంచి నాలుగు ముక్కలు, రాకపోతే అయ్యగారు ఆదివారం చెప్పిన కథను తల్లి తన మాటల్లో చెప్పేది. తర్వాత పరలోక ప్రార్థన. చిన్నపిల్లలకు కంఠత వాక్యం. వచ్చే ఆదివారం అప్పజెప్పాలె. అప్పజెప్పకపోతే అందరి ముందట చిన్నతనం. ఈ కంఠత వాక్యం గురించి మన అభ్యుదయవాదులు చిన్నచూపుగా మాట్లాడతారు, బట్టీయం అని. వేదం బట్టీయం పెడితే సంప్రదాయం, గేరి పిల్ల పది ఆజ్ఞలు బట్టీయం పెడితే గుడ్డి చదువు! నాలుగేండ్ల పిల్ల పది వాక్యాలు తప్పు లేకుండా పదిమందిలో నిలబడి చెప్పటం వట్టి జ్ఞాపకశక్తి వ్యవహారం కాదు. పటేలు ముందట తలవంచి, చెప్పు చేతబట్టుకొని, నోరు విప్పకుండా నిలబడాలని నేర్పే ఊర్లో ఆ పిల్ల గొంతెత్తటం నేర్చుకుంది.

అక్షరం కూడా అట్లనే వచ్చింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాటకూ ఒక అంకె ఉంటుంది. అయ్యగారు అంకె చెబుతాడు, పుస్తకం ఉన్నవాళ్లు తీయాలి. పిల్లలకు మొదట పట్టుబడేది ఆ అంకె. నూరు దాటిన అంకెలు ఎక్కాల పుస్తకం చూడకముందే వాళ్లకు వచ్చేవి. తర్వాత అధ్యాయం, వచనం. పాట నోటికి వచ్చే ఉంది కాబట్టి, వేలు పెట్టి అచ్చు మీద నడిపిస్తే ఏ శబ్దానికి ఏ గుర్తో తెలిసిపోయేది. ఇప్పుడు పిల్లల చదువు శాస్త్రజ్ఞులు తెలిసిన మాట నుంచి తెలియని అక్షరానికి పోవాలని పుస్తకాలు రాస్తున్నారు. గేరిలో ఆ పద్ధతి ఎవరూ చెప్పకుండానే నడిచింది. పలక లేకపోతే బూడిద పరిచి వేలితో దిద్దించటం, బలపం లేకపోతే బొగ్గు.

ఇక్కడ ఒక మాట. మా ప్రాంతానికి దగ్గర్లోనే గోదావరి ఒడ్డున బాసర ఉంది. పిల్లలకు అక్షరాభ్యాసం అంటే పెద్దకులాల వాళ్లు అక్కడికి పోతారు. పళ్లెంలో బియ్యం పోసి, అయ్యవారు చెయ్యి పట్టి ఓనమాలు దిద్దిస్తాడు. ఓనమాలు అన్న మాటే శివుడికి చేసే నమస్కారం నుంచి పుట్టింది. గుళ్ల గడప తొక్కనియ్యని రోజుల్లో గేరి పిల్లకు ఆ ఓనమాలు కూడా అందవు. ఆ పిల్ల మొదటి అక్షరం మీద పురోహితుడి చెయ్యి లేదు, తల్లి చెయ్యి ఉంది. దళిత క్రైస్తవం విదేశీ మతమని తిట్టేవాళ్లు, మెచ్చుకునేవాళ్లు కూడా ఈ తేడాను పట్టించుకోలేదు.

మూడు తెలుగులు

ఆ చదువు ఏ భాషలో అన్నది చిన్న ప్రశ్న కాదు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ, ఉర్దూ కలిసిన తెలుగు. 1948 దాకా సర్కారు నడిచింది ఉర్దూలో. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఉద్యోగానికి, కచేరికి కావలసింది ఆ భాష. బైబిలు, కీర్తనలు మాత్రం కోస్తా నుంచి, మద్రాసు నుంచి వచ్చిన గ్రాంథికం. ఆ పాటల్లో పేరున్నవి రాసిన పురుషోత్తమ చౌదరి (1803-1890) కోస్తా మనిషే. కాబట్టి గేరి పిల్లకు ఇంటి తెలుగు ఒకటి, ప్రార్థన తెలుగు ఒకటి, తర్వాత బడికి పోతే వాచకం తెలుగు ఇంకొకటి. 'గొఱ్ఱె' అన్న మాటలో బండి ఱ బైబిల్లో కనబడుతుంది, బడి పుస్తకంలో కనబడదు. బడిలో బండి ఱ రాస్తే తప్పు. ప్రార్థనలో నేర్చిన 'ఇచ్చుచున్నాడు' బడి వ్యాసంలో రాస్తే పంతులు నవ్వుతాడు. ఇంటి మాట 'ఇస్తుండు' రాస్తే కొడతాడు.

దీన్ని మేము రెండు రకాలుగా చూస్తున్నాం. ఒకటి, పరాయి తెలుగు దేవుడి భాష అయ్యేసరికి తమ మాట దేవుడికి పనికిరాదన్న భావం పిల్లల్లో నాటుకుంది. మిషన్ ఈ అన్యాయం తెలిసి చేసినా తెలియక చేసినా చేసింది. రెండోది, గ్రాంథికం అంటే బాపన పండితుల సొత్తు అనుకునే కాలంలో కూలీ తల్లి నోట ఆ క్రియాపదాలు, ఆ సంధులు రోజూ రాత్రి పలికాయి. సాహిత్య చరిత్రకారులు వ్యావహారిక భాషా వాదం గురించి వందల పేజీలు రాశారు. గ్రాంథికాన్ని కైకిలి చేసుకునేవాళ్లు రాత్రిపూట వాడుకున్న సంగతి వాళ్ల దృష్టికి రాలేదు.

ఖాన్గీ బడులు, గ్రంథాలయాలు

1920లలో నిజాం సర్కారు ఖాన్గీ పాఠశాలలు, అంటే ప్రైవేటు బడులు, అనుమతి లేకుండా పెట్టరాదని నిబంధనలు చేసింది. తెలుగు బడులు చాలా మూతబడ్డాయి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ వాటిని రద్దు చెయ్యాలని కోరుతూ వచ్చింది. ఆ పోరాటం న్యాయమైందే. అయితే ఆ చరిత్రలో 'తెలుగువాళ్ల చదువు' అంటే ఎవరి చదువు? ఊర్లో అరుగు మీద నడిచే బడి మూతబడితే ఊరి పిల్లల చదువు పోయింది. ఆ అరుగు ఎక్కనియ్యని పిల్లలకు పోయిందేమిటి? వాళ్ల చదువు ఇంట్లో, ప్రార్థన పేరుతో నడిచింది. ప్రార్థనకు అనుమతి అడగనక్కరలేదు. అంత మాత్రాన నిజాం గొప్పవాడని మేమనటం లేదు.

హైదరాబాద్ నగరంలో భాగ్యరెడ్డి వర్మ (1888-1939) 1910 నుంచి దళిత పిల్లల కోసం తెలుగు బడులు పెట్టాడు. ఆయనది ఆది హిందూ మార్గం, క్రైస్తవం కాదు. ఆయన బడులకు, మారుమూల గేరి ఇంటి ప్రార్థనకు నేరుగా సంబంధం లేదు. అయినా రెండింటి వెనకా ఉన్నది ఒకే లెక్క: ఊరి బడి మనది కాదు, మన చదువు మన వాడలోనే మనం చూసుకోవాలె. నగరంలో దానికి సంఘం, కమిటీ, రసీదు పుస్తకం ఉన్నాయి కాబట్టి చరిత్రలోకి ఎక్కింది.

ఇట్లాంటి ఇల్లు మన దగ్గరే పుట్టిన వింత కాదు. అమెరికాలో దక్షిణ కెరొలినా 1740లోనే బానిసలకు రాయటం నేర్పరాదని చట్టం చేసింది. వర్జీనియా 1831లో నల్లవాళ్లు చదువు కోసం గుమికూడటాన్ని నిషేధించింది. నల్ల తల్లులు దొంగచాటుగా బైబిలు అక్షరాలు నేర్చి పిల్లలకు నేర్పారు. 1980ల తెల్ల క్రైస్తవుల 'హోమ్ స్కూల్' చరిత్రలో ఆ తల్లుల పేర్లు మొదటి అధ్యాయంగా ఎందుకుండవో ఎవరికి వాళ్లు ఆలోచించుకోవచ్చు. ఇటు పూనాలో ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగు పిల్ల ముక్తా సాల్వే 1855లో, పద్నాలుగేండ్ల వయసులో, తమ జాతి దుఃఖం మీద రాసిన వ్యాసం క్రైస్తవ పత్రిక 'జ్ఞానోదయ'లో అచ్చయింది. మాకు మతమేదో చెప్పమని ఆ పిల్ల దేవుణ్ణే నిలదీసింది. మాంగులంటే మా సరిహద్దుకు అటువైపున్న మాదిగలే.

ఎవరు నేర్పారు, ఎవరు మానుకున్నారు

ఇంటి బడిని పొగిడి వదిలేస్తే అబద్ధమవుతుంది. అది ఎక్కువగా ఆడవాళ్ల వెట్టి మీద నడిచింది. మిషన్లో పనిచేసే ఉపదేశికి జీతముంటుంది. అతని భార్య పిల్లలకు అక్షరాలు, ఆడవాళ్లకు పాటలు, బాలింతలకు మందులు చూస్తుంది. ఆమె పని అతని జీతంలోనే కలిసిపోయింది. బైబిల్ స్త్రీలు కొందరికి కొద్దిపాటి జీతాలుండేవి. నివేదికల్లో వాళ్లు అంకెలుగా కనబడతారు, పేర్లుగా అరుదు. మామూలు కూలీ ఇంట్లో అయితే చిన్నోళ్లకు నేర్పేది పెద్దబిడ్డ. తమ్ముణ్ణి ఎత్తుకోవటానికి బడి మానిన పిల్లే తమ్ముడికి పలక పట్టించింది. వాడు చదివి బోర్డింగుకు పోయాడు, పంతులయ్యాడు. ఆ పిల్లకు పద్నాలుగేండ్లకు పెండ్లి.

ఇంకోటి కులం. ఒకే అయ్యగారు, ఒకే పాట, ఒకే పుస్తకం. అయినా మాలగేరి ప్రార్థన మాలగేరిలో, మాదిగగేరి ప్రార్థన మాదిగగేరిలో. రాత్రిపూట ఇంటి చదువు కావటం వల్ల ఈ ఎడం ఇంకా నిలిచిపోయింది. బడి అయితే పిల్లలు ఒక గదిలో కూసునేవాళ్లు, కొట్టుకునేవాళ్లు, కలిసేవాళ్లు. ఇల్లు ఆ అవకాశం ఇవ్వదు. 1994లో దండోరా మొదలైనప్పుడు చర్చిల్లో పైకి వచ్చిన తగాదాలకు ఆ ఎడం కూడా ఒక కారణమని మేమనుకుంటున్నాం.

కాయితం

1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు వచ్చింది. క్రైస్తవులకు, ముస్లింలకు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970లో క్రైస్తవంలోకి పోయిన దళితుల్ని బీసీ 'సి'లో వేసి ఒక శాతం ఇచ్చారు. 1977లో చట్టబద్ధం కాని రాయితీలు కొన్ని వీళ్లకూ వర్తిస్తాయన్నారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తీసెయ్యమని చెప్పింది, ఎవరూ తీయలేదు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, క్రైస్తవంలోకి మారినవాడు అట్రాసిటీ చట్టం కింద రక్షణ అడగలేడని చెప్పింది.

ఈ తేదీలు ఇంట్లో చిన్నపిల్ల మీద ఎట్లా పనిచేస్తాయో చూడాలి. బడిలో చేర్పించే రోజు తల్లి పిల్లకు ఒక సంగతి నేర్పాలి: బాప్తిస్మం పేరు చెప్పొద్దు. రూతు బడిలో లక్ష్మి అవుతుంది, యోహాను రాజు అవుతాడు. ప్రార్థన ఎక్కడ చేస్తరు అని పంతులు అడిగితే ఊరుకోవాలె. నిన్న రాత్రి గొంతెత్తి వాక్యం అప్పజెప్పిన పిల్లకు తెల్లారి గొంతు దించటం నేర్పాల్సి వచ్చింది. రెండూ నేర్పింది ఒకే తల్లి. అబద్ధమాడొద్దన్న ఆజ్ఞను కంఠతం పెట్టించిన ఇల్లు, స్కాలర్‌షిప్పు కోసం, సీటు కోసం, రేపు ఎవడన్నా కొడితే కేసు నిలబడటం కోసం అబద్ధం రాయించింది. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. అంటరానితనానికి బాప్తిస్మం ఇచ్చి దాన్ని పోగొట్టే విద్య ఏ అయ్యగారి దగ్గరా లేదు. గేరి అక్కడే ఉంది, బావి అక్కడే ఉంది. మారిందల్లా ఆదివారం పోయే చోటు. మోసం ఆ మూడో పేరాలో ఉంది.

జుక్కల్‌లో నిలబడి చూస్తే ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. జుక్కల్ అసెంబ్లీ స్థానం ఎస్సీ రిజర్వుడు. పక్కన దెగ్లూరు, ఔరాద్ కూడా ఎస్సీ రిజర్వుడు. సరిహద్దుకు అటువైపు మహార్లలో ఎక్కువమంది 1956 నాగపూరు దీక్ష తర్వాత బౌద్ధులయ్యారు. మరాఠ్వాడా యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు కోసం 1978లో జరిగిన గొడవల్లో నాందేడ్ జిల్లాలో ప్రాణాలు కూడా ఇచ్చారు. 1990 తర్వాత అక్కడి పిల్ల కేంద్రం ముందట కూడా బౌద్ధురాలినని రాసుకొని ఎస్సీగా నిలబడగలదు. ఇటువైపు వాళ్ల బంధువు పిల్ల క్రైస్తవురాలినని రాసుకుంటే నిలబడలేదు. ఇద్దరి ముత్తాతలూ హిందూమతాన్ని వదిలింది ఒకే కారణం వల్ల. ఒకళ్ల ఇంట్లో గోడ మీద పటం చూపించి పేరు గర్వంగా నేర్పుతారు. ఇంకొకళ్ల ఇంట్లో అదే వయసు పిల్లకు పేరు దాచటం నేర్పుతారు.

2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలందరికీ దగ్గర్లోని బడి హక్కు అంది. ఇంటి చదువు గురించి అది ఏమీ తేల్చలేదు. పట్నపు కుటుంబాలు ఆ సందులో తమ స్వేచ్ఛ వెతుక్కుంటున్నాయి. గేరి తల్లి అడుగుతున్నది దానికి పూర్తిగా వ్యతిరేకం: మా బిడ్డ బడికి పోవాలె, మా ఇంట్లో నేర్చిన పేరుతోనే పోవాలె.

ఈ చరిత్ర రాయాలంటే ఎక్కడ వెతకాలి? జనాభా లెక్కల్లో క్రైస్తవుల సంఖ్య ఇక్కడ నమ్మదగింది కాదు, కారణం పైన చెప్పాం. చర్చిలో బాప్తిస్మపు రిజిస్టరు ఒకటి, ఊరి బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఒకటి ఉంటాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకే పిల్లకు రెండు పేర్లు, రెండు మతాలు, చాలాసార్లు రెండు పుట్టిన తేదీలు దొరుకుతాయి. అయితే బయటివాళ్ల చేతుల్లో పడితే ఆ పోలిక ఆ కుటుంబాల సర్టిఫికెట్ల మీదికి వస్తుంది. అందుకని పేర్లు బయటపెట్టకుండా చేయాల్సిన పని అది, ఆ ఇండ్లవాళ్లు ఒప్పుకుంటేనే చేయాల్సిన పని. పాత బైబిళ్ల అట్ట లోపలి ఖాళీ పేజీలు కూడా చూడాలి. పిల్ల పుట్టిన రోజు, నాగులపంచమి ముందటి రోజనో, కోతలప్పుడనో, వంకర అక్షరాలతో రాసి ఉంటుంది. బడిలో పెద్దసారు అందరికీ వేసినట్టే ఆ పిల్లకూ జూన్ నెల వేశాడు. పింఛనుకు, ఉద్యోగానికి, పెండ్లి వయసుకు సర్కారు లెక్కపెట్టేది ఆ జూన్ నుంచే.